ఇంట్లో పొడిచే పచ్చబొట్టు – కంటికి కనబడని అపాయము

(యౌవనస్థుల కూడికకును, తల్లిదండ్రుల కూడికకును అధ్యయన పాఠము)

పాఠము ఉద్దేశము: ఇళ్లలోను, హాస్టలు గదులలోను పచ్చబొట్టు ఏ విధముగా పొడుచుకొంటున్నారో, అందులో అపాయము ఎక్కడ దాగియున్నదో తెలిసికొనుట, ఇదివరకే పొడుచుకొన్న బిడ్డ మన ఇంట ఉన్నయెడల ఏమి చేయవలెనో నేర్చుకొనుట.

1. మనకు క్రొత్త సంగతి కాదు

పచ్చబొట్టు మన పెద్దలు ఎరుగనిది కాదు. మన సంఘములలోని వృద్ధురాండ్రలో కొందరి ముంజేతిమీద భర్త పేరో, తేలు బొమ్మో, గడ్డము మీద మూడు చుక్కలో నేటికిని కనబడును. మనము ఏ రాష్ట్రములో స్థిరపడినను అక్కడివారు కూడ దీనిని ఎరుగుదురు. కన్నడిగులు హచ్చె అంటారు, తమిళులు పచ్చై కుత్తుదల్ అంటారు, మరాఠీవారు గోందణ్ అంటారు, ఒడియావారు చితా అంటారు. ఒడిషా కొండలలోని కొంధు స్త్రీలకు ముఖముమీదనే గీతలు పొడిపించుకొను వాడుక ఉండెను.

పూర్వము సంతలలోను, జాతరలలోను, ఊరూర తిరిగే స్త్రీలు ఈ పని చేసేవారు. దీపపు మసిని ఆకు పసరుతోనో, తల్లిపాలతోనో కలిపి, రెండు మూడు సూదులను దారముతో కట్టి, ఆ మసిలో ముంచి చర్మమును పొడిచేవారు. మసి నల్లనిదే గాని, చర్మము క్రిందికి దిగిన తరువాత పైకి ఆకుపచ్చగా, నీలముగా కనబడును. పచ్చబొట్టు అను పేరు అందువలననే వచ్చినది.

ఈ విషయములో లేవీయకాండము 19:28 తరచుగా ఎత్తి చూపబడును. చనిపోయినవారి నిమిత్తము దేహమును కోసికొను ఆచారముతో కలిపి అక్కడ దీని ప్రస్తావన ఉన్నది. దాని భావమును మీ కాపరితో వేరుగా చర్చించుకొనవచ్చును. ఈ పాఠము మాత్రము ఆరోగ్యమునకు సంబంధించినది. పచ్చబొట్టు ఉండవచ్చునని తలంచువారికిని, కూడదని తలంచువారికిని ఇందులోని సంగతులు సమానముగా అవసరము.

2. ఇప్పుడు ఇళ్లలో జరుగుచున్నది ఏమిటి?

1891లో న్యూయార్కులో సామ్యూల్ ఓ'రైలీ అనునతడు విద్యుత్తుతో నడిచే పచ్చబొట్టు మిషనుకు పేటెంటు పొందెను. ఎడిసన్ కనిపెట్టిన విద్యుత్తు కలము దానికి ఆధారము. అప్పటినుండి ఇది దుకాణములలో చేసే పని అయినది. అయితే దుకాణములో వేల రూపాయలు అడుగుదురు గనుక, ఇంట్లో చెప్పుటకు భయము గనుక, మన పిల్లలలో కొందరు స్నేహితుని గదిలో కూర్చుండి ఆ పని చేసికొనుచున్నారు. అది ముఖ్యముగా మూడు విధములుగా జరుగును.

మొదటిది, చేతిసూది. కుట్టుసూదినో, గుండుసూదినో, ఇంజెక్షను సూదినో పెన్సిలుకు దారముతో చుట్టి, సిరాలో ముంచి, చుక్క తరువాత చుక్కగా పొడుచుట. దీనికి మిషను అక్కరలేదు గనుక అపాయము లేదని చాలామంది తలంచుచున్నారు.

రెండవది, ఇంట్లో తయారుచేసిన మిషను. పాత టేపు రికార్డరులోని చిన్న మోటారు, బాల్ పెన్ను గొట్టము, గిటారు తీగ ముక్క కలిపి దీనిని చేయుదురు. తీగ ముక్కకు సూదివంటి సరియైన మొన ఉండదు. అది చర్మమును గుచ్చుటకు బదులు చీల్చును.

మూడవది, తక్కువ ధరకు తెప్పించుకొన్న మిషను పెట్టె. మిషను, సూదులు, రంగు సీసాలు అన్నియు అందులో వచ్చును. పనిముట్టు వచ్చినంత మాత్రమున పని వచ్చినట్లు కాదు. ఎంత లోతు పొడువవలెనో, ఏది శుభ్రమో నేర్పువారు ఆ పెట్టెలో రారు.

ఇక రంగు విషయము. బాల్ పెన్ను ఇంకు, చిత్రలేఖనపు నల్ల సిరా, కంప్యూటరు ప్రింటరు ఇంకు, కాటుక, కాల్చిన రబ్బరు మసి, వీటిలో ఏది చేతికి అందితే దానిని వాడుచున్నారు. ఇవేవియు దేహములోనికి ఎక్కించుటకు చేసినవి కావు.

3. చర్మము లోపల జరిగేది

మన చర్మములో పైపొర, లోపలి పొర అని రెండు ముఖ్యమైన పొరలు ఉన్నవి. పైపొర నిత్యము అరిగి రాలిపోవుచు, క్రిందనుండి క్రొత్తగా పుట్టుచుండును. అక్కడ వేసిన రంగు కొద్ది వారములకే పోవును. పచ్చబొట్టు నిలువవలెనంటే రంగు లోపలి పొరకు దిగవలెను. అంటే సూది ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు పోవలెను. ఆ లోతులోనే సన్నని రక్తనాళములు, నరములు ఉన్నవి. కాబట్టి ప్రతి పోటును రక్తమును తాకే పోటే. చేతితో పొడిచిన చిన్న అక్షరములో కూడ అట్టి పోట్లు వందలలో ఉండును.

లోపలికి వచ్చిన రంగును శరీరము పరాయి వస్తువుగా ఎంచును. దానిని మింగివేయుటకు కొన్ని కణములు పరుగెత్తి వచ్చును. అవి రంగును మింగగలవే గాని అరిగించలేవు. అవి చనిపోయినప్పుడు క్రొత్త కణములు వచ్చి అదే రంగును మరల పట్టుకొనును. పచ్చబొట్టు జీవితాంతము నిలుచుటకు ఇది ఒక కారణము. కొంత రంగు అక్కడ నిలువక చంకలోని, గజ్జలలోని లింఫు గ్రంథులకు చేరును. కాబట్టి చర్మముమీద పెట్టినది చర్మములోనే ఉండునని తలంచుట పొరపాటు.

4. అపాయములు మూడు తెగలు

(అ) రక్తము ద్వారా వచ్చేవి. ఒకరిని పొడిచిన సూది మరియొకరిని పొడిచినప్పుడు, లేక ఒకే మూతలో పోసిన రంగులో ఇద్దరి సూదులు మునిగినప్పుడు, మొదటివాని రక్తము రెండవవానికి చేరును. దానితోపాటు హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. క్రిములు రావచ్చును.

మనవారు హెచ్.ఐ.వి.కి భయపడినంతగా మిగిలిన రెండింటికి భయపడరు. లెక్కలు వేరుగా చెప్పుచున్నవి. వ్యాధి ఉన్న రోగికి వాడిన సూది ఆసుపత్రి సిబ్బందికి పొరపాటున గుచ్చుకొన్నప్పుడు హెచ్.ఐ.వి. సోకేది 1000లో సుమారు 3 సార్లు. హెపటైటిస్ సి సోకేది 100లో సుమారు 2 సార్లు, లేక అంతకంటె తక్కువ. హెపటైటిస్ బి మాత్రము, టీకా లేనివారికి, 100లో 6 నుండి 30 సార్ల వరకు సోకును. పైగా హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తములో, దేహమునకు వెలుపల, కనీసము 7 దినములు బ్రదికియుండగలదు. గత ఆదివారము వాడి, తుడిచి, డబ్బాలో దాచిన సూది ఈ ఆదివారము చూచుటకు శుభ్రముగానే ఉండును.

ఈ కాలేయ వ్యాధులు వచ్చిన వెంటనే తెలియవు. కొందరికి కామెర్లు కనబడును, అనేకులకు ఏమియు కనబడదు. ఇరువది ముప్పది సంవత్సరముల తరువాత కాలేయము గట్టిపడినప్పుడో, కాన్సరు వచ్చినప్పుడో బయటపడును. అప్పటికి పదిహేడవ ఏట స్నేహితుని గదిలో పొడుచుకొన్న ఆ అక్షరము ఎవరికి జ్ఞాపకముండును?

(ఆ) రంగు ద్వారా, నీటి ద్వారా వచ్చేవి. 2004, 2005 సంవత్సరములలో అమెరికాలోని ఒహాయో, కెంటకీ, వెర్మాంటు రాష్ట్రములలో 44 మందికి మామూలు మందులకు లొంగని చీము పుండ్లు వచ్చినవి. విచారించగా, వారందరు లైసెన్సు లేని 13 మంది చేత పచ్చబొట్లు పొడిపించుకొన్నవారని తేలినది. గిటారు తీగలతో చేసిన మిషన్లు, ప్రింటరు ఇంకు అక్కడ వాడబడినవి. మన పిల్లలు చేయుచున్నది అదియే.

రంగు సీసాను కూడ నమ్ముటకు లేదు. 2011లో అదే దేశములో రోచెస్టరు పట్టణమునందు 19 మందికి పచ్చబొట్టు ఉన్నచోట ఎర్రని పొక్కులు లేచినవి. సీసాలోని బూడిదరంగు సిరాలోనే క్షయ జాతికి చెందిన ఒక క్రిమి ఉన్నదని కనుగొన్నారు. ఇది సాధారణముగా నీటిలో ఉండే క్రిమి. మామూలు పుండ్ల మందులకు తగ్గదు, నెలల తరబడి వేరు మందులు వాడవలెను. దుకాణములోని సీసా సంగతి ఇట్లున్నప్పుడు, కుళాయి నీరు కలిపి పలుచన చేసిన సిరా సంగతి ఏమని చెప్పవలెను? రంగులలోని రసాయనముల విషయమై 2022 జనవరి నుండి యూరోపు సమాజము వేలకొలది పదార్థములకు పరిమితులు పెట్టినది.

(ఇ) చర్మమునకే వచ్చేవి. రంగు సరిపడక దురద, దద్దురు, గడ్డలు రావచ్చును. కొన్ని సంవత్సరముల తరువాత కూడ ఇవి మొదలు కావచ్చును. మనవంటి నల్లని చర్మము గలవారిలో మచ్చ ఉబ్బి గట్టి కండగా పెరిగే కెలాయిడు తరచుగా వచ్చును. రొమ్ము, భుజము మీద ఇది మరి ఎక్కువ. చెవి కుట్టిన చోటనో, టీకా వేసిన చోటనో అట్టి కండ పెరిగినవారు పచ్చబొట్టు జోలికి అసలే పోకూడదు. చక్కెర వ్యాధి ఉన్నవారు, కీళ్లవాతపు జ్వరము వలన గుండె కవాటములు చెడినవారు, రక్తము పలుచన చేసే మాత్రలు వాడువారు, గర్భిణీ స్త్రీలు కూడ అంతే.

పొడువకుండ పైపైన వేసే నల్ల మెహిందీని గూర్చి ఒక మాట. అసలైన గోరింటాకు ఎర్రగా పండును, నల్లగా పండదు. నిమిషములలో కారునలుపు తెచ్చే కోనులలో తలకు వేసే రంగులోని రసాయనము కలిసియుండవచ్చును. దానివలన బొబ్బలు లేచి, మచ్చలు నిలిచిపోయిన పిల్లలున్నారు.

5. మనలను మోసపుచ్చే మాటలు

"సూదిని అగ్గిపుల్లతో కాల్చినాము." రెప్పపాటు మంటలో చూపిన సూది పూర్తిగా శుద్ధి కాదు. పైగా మసి అంటుకొనును.

"మరిగించినాము, డెట్టాలు వేసినాము." 100 డిగ్రీలలో మరిగే నీటిలో కొన్ని క్రిముల బీజములు చావవు. ఆసుపత్రిలో పనిముట్లను ఆటోక్లేవు అను యంత్రములో, ఒత్తిడిగల ఆవిరిలో, 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కనీసము 15 నిమిషములు ఉంచుదురు. డెట్టాలు గాని, స్పిరిటు గాని దానికి బదులు కావు.

"మేము అన్నదమ్ములమే, ప్రాణస్నేహితులమే." హెపటైటిస్ బి తల్లినుండి బిడ్డకు పుట్టుకలోనే రాగలదు. అది ఉన్నవాడు తనకు ఉన్నదని ఎరుగడు. స్నేహము మంచిదే గాని అది రక్తపరీక్ష కాదు.

"మా అవ్వకు ఏమీ కాలేదు గదా." ఇది అన్నిటికంటె బలముగా వినబడే మాట. అయితే ఆలోచించండి. హెపటైటిస్ సి క్రిమిని శాస్త్రజ్ఞులు గుర్తించినదే 1989లో. అంతకుముందు జాతర సూది వలన ఎవరికైన కాలేయము చెడినయెడల, కామెర్లతో పోయినాడని అనుకొన్నారే గాని సూదిని ఎవరును తలంచలేదు. మనకు కనబడే అవ్వ క్షేమముగా ఉన్న అవ్వ. క్షేమము తప్పినవారు సాక్ష్యము చెప్పుటకు మన మధ్య లేరు.

6. ఇదివరకే పొడుచుకొన్నయెడల

ఈ పాఠములో ముఖ్యమైన భాగము ఇది. నిదానముగా చదివించండి.

మొదటి మూడు దినములు: వాడిన సూది పంచుకొన్నట్లయితే ఆలస్యము చేయక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లవలెను. హెచ్.ఐ.వి. సోకకుండ ఇచ్చే మాత్రలు 72 గంటలలోపు మొదలుపెట్టినప్పుడే ఉపయోగము. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. అవి అవసరమా కాదా అనునది డాక్టరు నిర్ణయించును. హెపటైటిస్ బి టీకా పడని వారికి ఆ టీకాను, అవసరమైతే ధనుర్వాతపు టీకాను వెంటనే వేయించవలెను. మన దేశములో శిశువులకు హెపటైటిస్ బి టీకా 2002లో కొన్ని స్థలములలో మొదలై, 2011 నాటికి గాని అన్ని రాష్ట్రములకు విస్తరింపలేదు. కాబట్టి నేటి యౌవనస్థులలో అనేకులకు అది పడియుండకపోవచ్చును. పెద్దవారికి మూడు మోతాదులు: మొదటిది, ఒక నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది.

పుండు మానే దినములలో: మొదటి రెండు మూడు దినములు కొంచెము ఎరుపు, నొప్పి, వాపు సహజమే. సబ్బు నీటితో మెల్లగా కడిగి, పొడి గుడ్డతో అద్దవలెను. పసుపు, బూడిద, ఆకు పసరు పెట్టకూడదు. మానువరకు చెరువు, నది, సముద్ర స్నానములు మానుకొనవలెను. క్రొత్త పచ్చబొట్టుతో మెక్సికో సింధుశాఖలో ఈదిన ఒకనికి సముద్రపు క్రిమి సోకి, అతడు మరణించినట్లు 2017లో ఒక వైద్య పత్రిక ప్రచురించినది. అతనికి ముందే కాలేయ వ్యాధి ఉండెను. యానాములోను, చెన్నపట్టణములోను, గోపాలపురము తీరమునను ఉన్న మనవారు ఇది గుర్తుంచుకొనవలెను.

వెంటనే డాక్టరు యొద్దకు పోవలసిన గుర్తులు ఇవి: మూడు దినముల తరువాత ఎరుపు, నొప్పి తగ్గుటకు బదులు పెరుగుట, చీము, జ్వరము, చలి, పుండునుండి పైకి ప్రాకే ఎర్రని చార, చంకలో గాని గజ్జలో గాని బిళ్ల కట్టుట. కొన్ని వారముల తరువాత పొక్కులు లేచినను, పచ్చబొట్టు సంగతి డాక్టరుకు తప్పక చెప్పవలెను. చెప్పనియెడల ఆయన వేరొక జబ్బుకు మందు ఇచ్చును.

తరువాతి నెలలలో: రక్తపరీక్ష ఒకసారి చేయించి ఊరుకొనకూడదు. క్రిమి సోకిన కొన్ని వారముల వరకు పరీక్షలో కనబడకపోవచ్చును. కాబట్టి వెంటనే ఒకసారి, డాక్టరు చెప్పినట్లు మూడవ నెలలోను, ఆరవ నెలలోను మరల చేయించవలెను. ఎన్నో ఏండ్ల క్రితము పొడుచుకొన్నవారు కూడ ఒకసారి పరీక్ష చేయించుకొనుట మంచిది. హెచ్.ఐ.వి. పరీక్షను ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగా, గోప్యముగా చేయుదురు. వివరములకు 1097 అను నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు కూడ ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా దొరకును. హెపటైటిస్ సి ఈనాడు సాధారణముగా 12 వారముల మాత్రలతో నూటికి తొంబది అయిదుగురికి పైగా పూర్తిగా నయమగుచున్నది. హెపటైటిస్ బి చాలమందిలో పూర్తిగా పోదు గాని మందులతో అదుపులో ఉండును. ముందుగా తెలిసికొన్నవారికే ఈ మేలు.

7. ఇంట్లో తీసివేయబూనుట ఇంకా కీడు

తండ్రి చూడకముందే పోగొట్టుకొనవలెనని కొందరు ఉప్పుతో రుద్దుచున్నారు, సున్నము పెట్టుచున్నారు, నల్లజీడి రసముతోను, యాసిడుతోను, కాల్చిన ఇనుముతోను కాల్చుకొనుచున్నారు. రంగు లోపలి పొరలో ఉన్నది. పైపొరను ఎంత కాల్చినను అది పోదు. కాలిన మచ్చయు పచ్చబొట్టును రెండును మిగులును. చర్మ వైద్యులు లేజరు కాంతితో రంగును చిన్న రేణువులుగా పగులగొట్టుదురు. దానికి కొన్ని వారముల ఎడముతో అనేకసార్లు వెళ్లవలెను, ఖర్చును ఎక్కువ. నలుపు త్వరగా పోవును, కొన్ని రంగులు మొండివి. అయినను పూర్వమున్న చర్మము పూర్తిగా తిరిగి వచ్చునని ఎవరును మాట ఇయ్యలేరు.

8. ఉద్యోగము, రక్తదానము

సైన్యములో చేరగోరు యౌవనులు ఇది ముందే తెలిసికొనవలెను. ముంజేతి లోపలివైపున, అరచేతి వెనుకవైపున తప్ప మిగిలిన చోట్ల శాశ్వతమైన పచ్చబొట్టు ఉన్నవారిని భారత సైన్యము తీసికొనదు. ఆచారముగా పొడుచుకొను గిరిజన తెగలవారికి మాత్రము సడలింపు ఉన్నది. పరుగు పందెములో నెగ్గి, దేహ పరీక్షలో రొమ్ముమీది ఒక పేరు వలన వెనుకకు తిరిగి వచ్చుట ఎంత దుఃఖకరము! పచ్చబొట్టు పొడుచుకొన్నవారు ఒక సంవత్సరమువరకు రక్తదానము చేయరాదు. మన సంఘములు రక్తదాన దినములు పెట్టునప్పుడు ఈ ప్రశ్నను తప్పక అడుగవలెను, ఒంటరిగా అడుగవలెను.

9. తల్లిదండ్రులకు, పెద్దలకు ఒక మాట

పైన చెప్పినవన్నియు చదివి బిడ్డలను గద్దించుటకు బయలుదేరుట సులభము. అయితే ఒక్క సంగతి గమనించండి. 72 గంటల మాత్రలు, వెంటనే వేయవలసిన టీకా, చీము పట్టకముందే జరుగవలసిన చికిత్స, ఇవన్నియు బిడ్డ నోరు తెరచి చెప్పినప్పుడే సాధ్యము. నాన్న కొట్టును, అమ్మ ఏడ్చును, సంఘములో నలుగురు నవ్వుదురు అను భయముతో పొడుగు చేతుల చొక్కా తొడుగుకొని తిరిగే బిడ్డకు ఇందులో ఒకటియు అందదు. సూది చేసిన అపాయమును మన కోపము రెట్టింపు చేయును.

కాబట్టి బిడ్డ వచ్చి చెప్పిన దినమున మొదట ఆసుపత్రికి తీసికొనిపొండి. మందలింపు తరువాత. పరీక్ష ఫలితము ఏదైనను అది ఆ ఇంటివారి సంగతి, ప్రార్థన విన్నపముల పట్టీలో చదువవలసినది కాదు. మన ముసలి తల్లుల చేతులమీది పచ్చబొట్లను ఎవరును తప్పు పట్టలేదు గదా. మనవని చేతిని చూచినప్పుడు కూడ ఆ నెమ్మది ఉండనీయండి.

పద్దెనిమిది ఏండ్లు నిండిన కుమారుడో, కుమార్తెయో ఎంత చెప్పినను వినక పొడిపించుకొనుటకే తీర్మానించుకొన్నయెడల, ఈ మాటలైన చెప్పి పంపండి. ఇంట్లో వద్దు. మూసిన పొట్లమునుండి క్రొత్త సూదిని నీ కన్నుల యెదుట తీయవలెను. రంగును చిన్న మూతలో నీకొరకే పోసి, మిగిలినది పారవేయవలెను. చేతులకు క్రొత్త తొడుగులు ఉండవలెను. ఇందులో ఒకటి తక్కువైనను లేచి వచ్చివేయుము.

చర్చకు ప్రశ్నలు

1. చేతిసూదితో పొడుచుకొంటే అపాయము తక్కువ అను మాట ఎందుచేత సరికాదు?
2. మిగిలిన రంగును మరియొకరికి వాడితే, సూది క్రొత్తదైనను అపాయము ఎట్లు వచ్చును?
3. "మా అవ్వకు ఏమీ కాలేదు" అనువారికి మీరు ఏమని జవాబు చెప్పుదురు?
4. మీ ఇంట హెపటైటిస్ బి టీకా ఎవరెవరికి పడినది? ఎవరికి పడలేదు? ఈ వారమే కార్డులు తీసి చూడండి.
5. మన సంఘములోని ఒక యౌవనస్థుడు పుండు చీము పట్టి బాధపడుచున్నయెడల, ధైర్యముగా వచ్చి చెప్పుకొనగల పెద్ద ఒకరైనా ఉన్నారా? లేనియెడల ఎవరు ఆ బాధ్యత తీసికొందురు?

జ్ఞాపకముంచుకొనవలసిన మాట: సూది శుభ్రమో కాదో కంటికి తెలియదు. పొడువకముందు అడుగుము. పొడుచుకొన్నయెడల దాచకుము.